బియ్యం సంచితో పాటు ఏమివ్వాలి?

1990 డిసెంబరులో మతకల్లోలాలతో పాతబస్తీ అట్టుడికిపోయింది. వందమందికి పైగా చనిపోయారు. రోజుల తరబడి కర్ఫ్యూ. ఏ రోజుకారోజు కూలికి వెళ్తేనే పొయ్యి వెలిగే ఇళ్లలో కర్ఫ్యూ అంటే పస్తులే.

ఆ కష్టంలో సాయానికి కదిలిన వారిలో మన హెన్రీ మార్టిన్ ఇన్‌స్టిట్యూట్ వారున్నారు. ముస్లింల మధ్య సువార్త పనికి క్రైస్తవులను సిద్ధపరచాలని 1930లో లాహోరులో మొదలైన సంస్థ ఇది. 1971లో హైదరాబాదు చేరింది. కల్లోలాల తర్వాత వారు సుల్తాన్‌షాహీలో 'అమన్ శాంతి' కేంద్రం తెరిచారు. రెండు మాటలకూ అర్థం ఒకటే, భాషలే వేరు. అక్కడ హిందూ, ముస్లిం స్త్రీలు పక్కపక్కన కూర్చుని కుట్టుపని నేర్చుకున్నారు.

"కుట్టు నేర్పితే సరిపోతుందా? క్రీస్తును గూర్చి చెప్పవద్దా?" అని మన సంఘాల్లో కొందరు అడుగుతారు. తేలిగ్గా తోసిపుచ్చే ప్రశ్న కాదిది. చెప్పవలసిందే. అయితే ఎప్పుడు, ఎలా? ఆకలితో ఉన్నవాని చేతిలో బియ్యంతో పాటు కరపత్రం కూడా పెడితే అతడు వద్దనలేడు. వద్దనలేనివాడు ఔనంటే దాన్ని విశ్వాసమని ఎలా అనగలం? అదీగాక, రేపు మరో వీధిలో మనం నిజంగా ప్రేమతో ఇచ్చినా ఎర వేస్తున్నారనే అనుకుంటారు. 1 పేతురు 3:15 చూడండి. అక్కడ అడిగినవారికే జవాబు చెప్పమన్నాడు, అదీ సాత్వికంతో. ఎవరూ మనల్ని అడగడం లేదంటే, అడగాలనిపించేంత దగ్గరగా మనం బ్రదుకుతున్నామా అన్నది వేరే సంగతి.

ఆ సంస్థకు ఎవరి పేరు పెట్టారో ఆ మార్టిన్ గారి అనుభవమే వినండి. 1806లో ఇండియాకు వచ్చిన ఆయన కాన్పూరులో ఆదివారాలు తన ఇంటి ఆవరణలో బిచ్చగాళ్లకు దానమిచ్చి, వాక్యం చెప్పేవారు. క్షయతో రొమ్ము నొప్పి ఒకపక్క, గుంపు కేకలు, తిట్లు మరోపక్క. ఆ గుంపులో మారినవారు ఎవరూ కనబడలేదు. కానీ తమాషా చూద్దామని పక్క తోటలో నుంచి విన్న షేక్ సాలిహ్ అనే ముస్లిం మనసులో ఆ మాటలు నాటుకున్నాయి. ఆయన చేయి చాపలేదు, దానం పుచ్చుకోలేదు. తర్వాత మార్టిన్ గారి ఉర్దూ కొత్త నిబంధన ప్రతికి అట్ట వేయించే పని దొరికితే, ఆ ప్రతిని పూర్తిగా చదివాడు. 1811లో కలకత్తాలో బాప్తిస్మం తీసుకుని అబ్దుల్ మసీహ్ అయ్యాడు. అప్పటికే మార్టిన్ గారు దేశం విడిచి వెళ్లారు. 1812లో టర్కీలోని తోకాతులో 31 ఏళ్లకే కన్నుమూశారు.

అబ్దుల్ మసీహ్ మాత్రం 1813లో ఆగ్రా వెళ్లి వాక్యం చెప్పాడు, బీదలకు ఉచితంగా మందులిచ్చాడు.