ఫిల్టరు కొత్తదే... దుమ్ము మాత్రం లోపలికే!
బండి గాలి ఫిల్టరు ఎంపికలో, బిగింపులో రైతులు తెలుసుకోవలసిన సంగతులు

పిడుగురాళ్ల: మిరప కోతలు మొదలయ్యాయంటే పల్నాడులో మెకానిక్కు షెడ్లకు తీరిక ఉండదు. పాల క్యాన్లు దింపివచ్చిన బండి ఒకటి, పురుగుమందు డబ్బాలు కట్టుకున్న బండి ఒకటి, కూలీలను చేలో దించివచ్చిన బండి ఇంకొకటి... పొద్దున్నే వరుస కడతాయి. అలాంటి ఒక షెడ్డులో మొన్న ఓ పాల వ్యాపారి తల పట్టుకుని కూర్చున్నాడు. సంగతేమిటంటే ‘బండి మళ్లీ బోరుకొచ్చిందంట’ అన్నాడు.

సిలిండరు బోరింగు చేయించి, కొత్త పిస్టను, రింగులు వేయించి ఏడాదిన్నర కూడా కాలేదట. అప్పుడు తెచ్చిన అప్పే ఇంకా తీరలేదు. వేళ దాటితే కేంద్రంలో పాలు తీసుకోరు. బండి షెడ్డులో ఉన్నన్నాళ్లూ ఆటోకు డబ్బులు పోయాల్సిందే.

మెకానిక్కు ఏమీ మాట్లాడకుండా పక్క మూత విప్పి ఫిల్టరు బయటికి తీశాడు. చూస్తే అది కొత్తదే. ‘రెండు నెలల కిందటే మార్పించా. దానికేం రోగం అబ్బాయ్?’ అన్నాడు పాలాయన. మెకానిక్కు తెల్లటి గుడ్డముక్క వేలికి చుట్టి, ఫిల్టరు దగ్గర్నుంచి కార్బొరేటరుకు పోయే గొట్టంలో ఒక తిప్పు తిప్పాడు. గుడ్డ బూడిద రంగుకొచ్చింది.

‘ఫిల్టరు బాగానే ఉంది బాబాయ్. కూర్చున్న తీరే బాగాలేదు. అంచు రబ్బరు ఒక పక్క మడత పడింది. గాలంతా ఆ సందులోంచే పోతోంది’ అని చూపించాడు. వాకిలికి తాళం వేసి, పెరటి తలుపు తీసి పెట్టినట్టయింది వ్యవహారం.

లీటరు పెట్రోలుకు 45 డ్రమ్ముల గాలి

బండి పెట్రోలు ఎంత తాగుతుందో అందరూ లెక్క వేసుకుంటారు. గాలి ఎంత పీలుస్తుందో ఎవరూ చూడరు. కిలో పెట్రోలు సరిగా మండాలంటే దాదాపు 15 కిలోల గాలి కావాలి. ఆ లెక్కన లీటరు పెట్రోలుకు సుమారు 9 వేల లీటర్ల గాలి అవుతుంది. అంటే 200 లీటర్ల డ్రమ్ములు 45. మన డొంకల్లో, కంకర బాటల్లో లారీ వెనకాల, ట్రాక్టరు వెనకాల పోయేటప్పుడు ఆ డ్రమ్ముల్లో ఎంత దుమ్ము ఉంటుందో వేరే చెప్పనక్కరలేదు.

పిడుగురాళ్ల సున్నపు బట్టీల దగ్గర, దాచేపల్లి, మాచర్ల వైపు సిమెంటు లారీలు తిరిగే దారుల్లో తెల్లటి దుమ్ము చూసి మనం భయపడతాం. ఆ దుమ్ము ఫిల్టరును తొందరగా మూసేసే మాట నిజమే. ఇంజనును అరగదీసేది మాత్రం ఎక్కువగా మట్టిలో కలిసిన సన్న ఇసుకే. సున్నపురాయి మెత్తన. ఇసుక రేణువు మామూలు ఇనుమును గీయగలదు.

పిస్టనుకూ సిలిండరు గోడకూ మధ్య ఉండే సందు తల వెంట్రుక మందం కూడా ఉండదు. కంటికి కనబడని ఇసుక రేణువు అందులో చేరి, గోడకు అంటుకున్న ఆయిలుతో కలిస్తే వాల్వులు అరగదీసే పేస్టులాగా పనిచేస్తుంది. రింగులు అరుగుతాయి, గోడ మీద గీతలు పడతాయి. తర్వాత ఆయిలు పైకెక్కి మండుతుంది. నీలం పొగ వస్తుంది, ఆయిలు తరుగుతుంది, కిక్కు తేలికవుతుంది, ఎత్తు ఎక్కేటప్పుడు బండి ఈడ్చుకుంటుంది. ఇవన్నీ కనబడేసరికి జరగాల్సిన నష్టం జరిగిపోయి ఉంటుంది.

మీ బండిలో ఉన్నదేది?

ఫిల్టరు ఏ రకమో తెలియకుండా దానిమీద చేయి వేయకూడదు. మన ఊళ్ల బండ్లలో ముఖ్యంగా మూడు రకాలు కనబడతాయి.

మొదటిది ఫోము. స్పాంజిలా ఉంటుంది. దీన్ని కడిగి మళ్లీ వాడుకోవచ్చు. ఆయిలు పట్టించని ఫోములోంచి సన్న దుమ్ము సులువుగా దూరిపోతుంది. పాత ట్రాక్టర్లకు గాలి ఫిల్టరు గిన్నెలో ఆయిలు పోసే పద్ధతి పెద్దవాళ్లకు తెలిసిందే. దుమ్ము ఆయిలుకు అంటుకుని ఆగిపోతుంది. ఫోములోనూ అదే సూత్రం.

రెండోది పొడి కాగితం ఫిల్టరు. విసనకర్రలా మడతలు మడతలుగా ఉంటుంది. దీన్ని నీళ్లలోగాని పెట్రోలులోగాని ముంచకూడదు. లోపలి వైపు నుంచి బయటికి, కాస్త దూరం నుంచి, తక్కువ ఒత్తిడితో గాలి కొట్టి దుమ్ము దులపవచ్చు.

మూడోది ఆయిలు పట్టించిన కాగితం ఫిల్టరు. ఈమధ్య చాలా బండ్లలో ఇదే వస్తోంది. ముట్టుకుంటే వేళ్లకు కాస్త జిడ్డు తగులుతుంది. దీన్ని కడగకూడదు, గాలీ కొట్టకూడదు. గడువు తీరగానే మార్చడమే. పంక్చరు షాపులో గాలి కొట్టించి, ‘శుభ్రమైపోయింది’ అనుకుని మళ్లీ వేసుకునేవారు ఎక్కువగా నష్టపోయేది ఈ రకంతోనే.

కొనేటప్పుడు చూసుకోవలసినవి

పాత ఫిల్టరు చేతిలో పట్టుకునే దుకాణానికి వెళ్లండి. రెండూ పక్కపక్కన పెట్టి పొడవు, వెడల్పు, అంచు మందం సరిచూడండి. ఒకటి రెండు మిల్లీమీటర్లు తక్కువైనా చుట్టూ సందు మిగులుతుంది.

అంచు రబ్బరు నొక్కితే అణిగి, వదిలితే మళ్లీ లేవాలి. చెక్కలా గట్టిగా ఉంటే పెట్టెకు అతుక్కోదు. కాగితం మడతలు సమంగా ఉన్నాయా, అంచుల దగ్గర జిగురు పూర్తిగా పట్టిందా చూడండి. పొడి కాగితం ఫిల్టరును ఎండకు ఎత్తి పట్టుకుంటే వెలుగు అంతటా ఒకేలా మసకగా కనబడాలి. ఎక్కడైనా సూదిమొనంత చుక్క మెరిసిందంటే అక్కడ చిల్లు ఉన్నట్టే.

ఫోము కొనేటప్పుడు రంధ్రాలు మరీ పెద్దవిగా ఉన్నవి వద్దు. పాత ఫోము వేళ్లతో నలిపితే పొడి రాలుతుంటే వెంటనే మార్చండి. ఆ పొడి కూడా ఇంజనులోకే పోతుంది. మామూలు 100 సీసీ బండి ఫిల్టరు కొన్ని వందల రూపాయల్లో వస్తుంది. బోరింగు పని పడితే ఖర్చు వేలల్లోనే. యాభై రూపాయలు కలిసొస్తుందని కొలత కుదరని ఫిల్టరు కొనడం ఏ లెక్కన చూసినా నష్టం.

బిగింపులోనే ఉంది అసలు పని

ఫిల్టరు మూత విప్పకముందే చుట్టుపక్కల దుమ్మును గుడ్డతో తుడవాలి. లేకపోతే విప్పేటప్పుడు అదే లోపల పడుతుంది. ఫిల్టరు తీయగానే గొట్టం నోటికి శుభ్రమైన గుడ్డ అడ్డం పెట్టాలి. పని అయ్యాక ఆ గుడ్డ తీయడం మరిచిపోకూడదు.

తర్వాత పెట్టె లోపల, ఫిల్టరు అంచు కూర్చునే గాడిలో పాత గ్రీజు, ఇసుక లేకుండా తుడవాలి. అందరూ వదిలేసేది ఇక్కడే. గాడిలో ఒక్క ఇసుక రేణువు ఉన్నా రబ్బరు పైకి లేచి సందు పడుతుంది. రబ్బరు అంచు మీద వేలితో పలుచగా గ్రీజు రాస్తే రబ్బరు గాడిలో సర్దుకుంటుంది, వచ్చిన దుమ్ము గ్రీజుకు అంటుకుని ఆగుతుంది. గ్రీజు కాగితానికి మాత్రం తగలకూడదు.

ఫిల్టరు మీద బాణం గుర్తు ఉంటే ఆ దిక్కుకే పెట్టాలి. గాడిలో కూర్చోబెట్టాక చుట్టూ వేలు పోనిచ్చి ఎక్కడా మడత లేదని చూసుకోవాలి. మూత స్క్రూలు ఒకటి పూర్తిగా బిగించి ఇంకొకదానికి పోవద్దు. మంచం నవారు బిగించినట్టు ఎదురెదురుగా కొంచెం కొంచెంగా బిగించాలి. ప్లాస్టిక్కు పెట్టెకు బలం చూపిస్తే మర పోతుంది. మర పోయిన స్క్రూతో మూత ఎప్పటికీ బిగుసుకోదు.

ఫోము అయితే సబ్బు నీళ్లలో పిసికి కడిగి, నీడన పూర్తిగా ఆరబెట్టాలి. పెట్రోలులో కడిగితే నిప్పు ప్రమాదం, పైగా అతుకుల జిగురు ఊడుతుంది. ఆరాక బండితో వచ్చిన పుస్తకంలో చెప్పిన ఆయిలు అంతటా పట్టించి, రెండు అరచేతుల మధ్య నొక్కి, ఎక్కువైంది పిండేయాలి. తడిబట్టలా మెలిపెడితే చిరుగుతుంది.

దొంగదారులు ఇంకా ఉన్నాయి

ఫిల్టరు సరిగా కూర్చున్నా దుమ్ము పోయే దారులు వేరే ఉండవచ్చు. పెట్టె నుంచి కార్బొరేటరుకు పోయే రబ్బరు గొట్టం ఎండకు, ఇంజను వేడికి పగుళ్లు తీస్తుంది. దాన్ని వంచి చూస్తేనే ఆ పగుళ్లు కనబడతాయి. గొట్టం చివర క్లాంపు వదులైనా, పెట్టె అతుకు విచ్చుకున్నా, అడుగున నీళ్లు దిగే చిన్న పైపు మూత ఊడిపోయినా చూసుకోవాలి.

కొత్తగా వచ్చిన బండ్లలో చాలావాటికి కార్బొరేటరు లేదు. 2020 ఏప్రిల్ నుంచి అమలైన బీఎస్–6 నిబంధనలతో పెట్రోలు చిమ్మే ఇంజెక్షను పద్ధతి మామూలైపోయింది. అయినా గాలి పోయే దారి అదే, బిగింపు నియమాలూ అవే. ఒక తేడా గుర్తుంచుకోవాలి. కార్బొరేటరు బండిలో ఫిల్టరు మూసుకుపోతే నల్ల పొగ వచ్చి మైలేజీ పడిపోతుంది. ఇంజెక్షను బండిలో ఎక్కువగా లాగే బలం తగ్గుతుంది. పొగ రాలేదు కదా అని ఊరుకోకూడదు.

గుడ్డ పరీక్ష, గ్రీజు పరీక్ష

బిగింపు సరిగా ఉందో లేదో ఎవరికి వారే తెలుసుకోవచ్చు. ఫిల్టరు తీసిన రోజున దాని వెనక గొట్టం లోపల తెల్లగుడ్డతో తుడవండి. గుడ్డకు దుమ్ము అంటిందా, ఎక్కడో సందు ఉన్నట్టే. అనుమానం తీరకపోతే గొట్టాన్ని శుభ్రంగా తుడిచి, లోపల ఒకచోట వేలితో గ్రీజు పొర రాయండి. 500 కిలోమీటర్లు తిరిగాక చూడండి. గ్రీజు చేత్తో నలిపితే గరగరలాడిందంటే ఇసుక లోపలికి పోతోంది.

అలాగని వారానికోసారి విప్పి చూడటమూ మంచిది కాదు. విప్పిన ప్రతిసారీ అంచు చెదిరే ప్రమాదం ఉంది. పుస్తకంలో రాసిన గడువు మామూలు రోడ్లకు. దుమ్ము దారుల్లో తిరిగే మన బండ్లకు అందులో సగం దూరానికే చూసుకోవడం మేలు.

ఇవి చేయవద్దు

ఫిల్టరు తీసేస్తే బండి బాగా లాగుతుందని కొందరు కుర్రాళ్లు దాన్ని పీకి పారేస్తున్నారు. రాతిమీద కొట్టి దులపడం, ఫిల్టరు చుట్టూ పాత గుడ్డ చుట్టడం, సందు మిగిలితే స్పాంజి ముక్కలు కుక్కడం, పైపుతో నీళ్లు నేరుగా గాలి మూతి మీద కొట్టి కడగడం కూడా ఇంజనుకు చేటే. మెకానిక్కు దగ్గర బండి వదిలి టీకి వెళ్లే అలవాటు ఉంటే, కనీసం ఫిల్టరు బిగించే ఆ పది నిమిషాలు పక్కన నిలబడి చూడండి.

పాలాయన ఈసారి అలాగే నిలబడ్డాడు. అప్పు మీద అప్పు చేసి బోరింగు పని ముగించాక, అంచు చుట్టూ మెకానిక్కు వేలితోపాటు తన వేలూ పోనిచ్చి చూసుకున్నాడు. 500 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ షెడ్డుకు వచ్చి, తానే జేబులోంచి తెల్లగుడ్డ తీసి గొట్టంలో తిప్పాడు. గుడ్డ తెల్లగానే బయటికొచ్చింది. దాన్ని మడిచి మళ్లీ జేబులో పెట్టుకుని, క్యాన్లు సర్దుకుని పాలకేంద్రం దారి పట్టాడు.