స్టూడియోలో లేని కూత

స్టూడియోలో ఏళ్ల తరబడి పాటలు మిక్స్ చేసినవారు మొదటిసారి బ్యాండు కచేరీకి కూర్చుంటే, సౌండ్ చెక్‌లోనే మైకు కూయ్‌మంటుంది. మైకు, మిక్సరు, ఈక్వలైజరు, కంప్రెసరు అన్నీ తెలిసినవే. మారింది శబ్దం నడిచే దారి.

స్టూడియోలో మిక్సింగ్ చేసేటప్పుడు స్పీకరు ఎంత మోగినా దాన్ని వినే మైకు ఉండదు. వేదిక మీద స్పీకరులోంచి వచ్చిన పాట తిరిగి మైకులో పడి, పెద్దదై, మళ్లీ స్పీకరుకు చేరుతుంది. ఏ ఒక్క ఫ్రీక్వెన్సీ అయినా ఈ చుట్టులో తగ్గకుండా తిరిగొస్తే, క్షణాల్లో పెరిగి కూతవుతుంది. డెన్మార్క్ భౌతిక శాస్త్రవేత్త సోరెన్ లార్సెన్ పేరిట దీన్ని లార్సెన్ ఎఫెక్ట్ అంటారు.

అందుకే స్టూడియో అలవాట్లు ఇక్కడ ఎదురు తిరుగుతాయి. గొంతు సన్నగా వినిపిస్తే ఫేడరు పైకి జరపడం కన్నా గాయకుణ్ణి మైకుకు దగ్గరగా జరగమనడం మేలు. దూరం సగమైతే మైకుకు అందే గొంతు సుమారు 6 డెసిబెల్స్ పెరుగుతుంది, స్పీకరు నుంచి వచ్చేది పెరగదు. కంప్రెసరుతో మెల్లని పదాలను పైకి లేపితే కూత కూడా వాటితోపాటే లేస్తుంది. తెరిచి ఉంచిన మైకుల సంఖ్య రెట్టింపైన ప్రతిసారీ, కూత రాకుండా పెంచగలిగే శబ్దంలో 3 డెసిబెల్స్ వదులుకోవాలి. పాడనివారి మైకు మూసెయ్యాల్సిందే.

కార్డియాయిడ్ మైకుకు వెనకవైపు దాదాపు వినపడదు. గాయకుడు తన పాట తాను వినేందుకు వేదిక మీద పెట్టే స్పీకరును, అంటే మానిటర్‌ను, సరిగ్గా అటే పెడతారు. ఆ చెవుడు మైకు తల కింది జాలీలోంచి వెళ్లే గాలి పుణ్యమే. గాయకుడు స్టయిలుగా ఆ తలను గుప్పిట్లో బిగిస్తే వెనకదారి మూసుకుపోయి, మైకు అన్నివైపులా వింటుంది. మరుక్షణం కూత!

1974లో అమెరికన్ బ్యాండు గ్రేట్‌ఫుల్ డెడ్ స్పీకర్ల గోడను తమ వెనకే నిలబెట్టుకుంది. ఆ శబ్దం నేరుగా మైకుల్లో పడి కూత పుట్టకుండా, ఒక్కో గాయకుడికి రెండేసి మైకులు బిగించి, ఒకదాని సిగ్నల్‌ను తిరగేశారు. రెండింటిలో సమానంగా పడిన స్పీకరు శబ్దం చాలావరకు రద్దయ్యేది. పెదవులు ఆనించి పాడిన మైకులోని గొంతు మిగిలేది.

ఇప్పుడు సౌండ్ చెక్‌లో మానిటర్‌ను నెమ్మదిగా పెంచుతూ, ముందుగా కూసే ఫ్రీక్వెన్సీని పట్టుకుని ఈక్వలైజరులో కాస్త కోస్తారు. ఆపైన కూత హద్దుకు 6 డెసిబెల్స్ కింద ఆగడం వాడుక. స్టూడియో నుంచి వచ్చినవారు ముందుగా నేర్వాల్సింది, ఆ 6 డెసిబెల్స్‌ను ఎంత అందమైన మిక్స్ కోసమైనా ఖర్చు పెట్టకపోవడం.