ఇంటికి సోలార్: ఆన్‌గ్రిడ్ పెట్టుకోవాలా, ఆఫ్‌గ్రిడ్ మేలా?

హైదరాబాద్: ఎండాకాలం కరెంట్ బిల్లు చూసి చాలామంది డాబా మీద సోలార్ పెట్టించాలని అనుకుంటున్నారు. కానీ లక్షల్లో ఖర్చు పెట్టే ముందు ఒక విషయం తేల్చుకోవాలి. బిల్లు తగ్గాలా, లేక కరెంట్ పోయినా ఇంట్లో ఫ్యాన్ తిరగాలా? ఈ రెండింటికీ ఒకే సిస్టమ్ సరిపోదు.

ఆన్‌గ్రిడ్ అంటే..

ప్యానెళ్లను డిస్కం లైన్‌కు కలుపుతారు. బ్యాటరీ ఉండదు. పగలు ఇంట్లో వాడగా మిగిలిన కరెంట్ లైన్‌లోకి వెళ్తుంది, రాత్రి అక్కడి నుంచే తీసుకుంటారు. నెట్ మీటర్ రెండు లెక్కలూ చూపిస్తుంది, తేడాకే బిల్లు వస్తుంది. ఫిక్స్‌డ్ చార్జీలు మాత్రం కట్టాల్సిందే. కాబట్టి "జీరో బిల్లు" అనే మాటను పూర్తిగా నమ్మొద్దు.

ఇంకో ముఖ్య విషయం. లైన్‌లో కరెంట్ పోతే ఎర్రటి ఎండలో కూడా ఈ సిస్టమ్ ఆగిపోతుంది. అది లోపం కాదు. స్తంభం ఎక్కి పనిచేసే లైన్‌మన్‌కు మన ఇంటి కరెంట్ తగలకుండా ఇన్వర్టర్ తనంతట తానే ఆఫ్ అవుతుంది.

ఆఫ్‌గ్రిడ్ అంటే..

డిస్కంతో సంబంధం లేదు. పగలు తయారైన కరెంట్ బ్యాటరీల్లో నిల్వ ఉంటుంది. వినడానికి బాగానే ఉంటుంది గానీ లెక్క చూడాలి. ఇళ్లలో సాధారణంగా వాడే 12 వోల్టుల, 150 ఏహెచ్ బ్యాటరీలో ఉండేది 1.8 యూనిట్లు. లెడ్ యాసిడ్ బ్యాటరీని సగం వరకే వాడితే మంచిది, అంటే చేతికొచ్చేది ఒక యూనిట్ లోపే. దానితో రెండు ఫ్యాన్లు, రెండు లైట్లు నాలుగైదు గంటలు నడుస్తాయి. ఏసీ గంట కూడా నడవడం కష్టమే. రాత్రికి 10 యూనిట్లు కావాలంటే ఇలాంటివి 12 బ్యాటరీలు ఉండాలి. పైగా ప్యానెళ్లు 25 ఏళ్లు వస్తే, ఈ బ్యాటరీలను మూడు నుంచి ఐదేళ్లకు మార్చాలి. లిథియంవి ఎక్కువ కాలం వస్తాయి, ధర కూడా అలాగే ఉంటుంది.

సబ్సిడీ ఎవరికి?

2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో 1 కిలోవాట్‌కు రూ. 30 వేలు, 2 కిలోవాట్లకు రూ. 60 వేలు, 3 కిలోవాట్లు, ఆపైన రూ. 78 వేలు ఇస్తారు. ఇది గ్రిడ్‌కు కలిపిన వాటికే. ఆఫ్‌గ్రిడ్‌కు రాదు. సబ్సిడీ పని పూర్తయ్యాకే ఖాతాలో పడుతుంది, కాబట్టి ముందు డబ్బు మనమే సర్దుకోవాలి. బ్యాంకు లోన్ తప్పనిసరి కాదు. వడ్డీ వద్దనుకునేవారు సొంత డబ్బుతో పెట్టించుకున్నా సబ్సిడీ వస్తుంది.

ఎవరికి ఏది?

నెలకు 300 యూనిట్లు దాటే ఇంటికి 3 కిలోవాట్ల ఆన్‌గ్రిడ్ లాభం. కిలోవాట్‌కు రోజుకు సుమారు 4 యూనిట్లు, సుమారు 100 చదరపు అడుగుల నీడపడని జాగా లెక్కేసుకోవాలి.

తెలంగాణలో గృహజ్యోతి కింద 200 యూనిట్ల లోపు ఉచితంగా వాడుకునే కుటుంబానికి ఆదా అయ్యే బిల్లే లేదు. వాళ్లు తొందరపడాల్సిన పనిలేదు.

కరెంట్ లైనే లేని పొలం షెడ్డుకు, ఊరికి దూరంగా ఉన్న ఇంటికి ఆఫ్‌గ్రిడ్ సరైనది.

బిల్లూ తగ్గాలి, కోతలప్పుడు ఫ్యానూ తిరగాలంటే హైబ్రిడ్ ఉంది, కానీ ఖరీదు. ఇంట్లో ఇప్పటికే మామూలు ఇన్వర్టర్, బ్యాటరీ ఉంటే దాన్ని అలాగే ఉంచి ఆన్‌గ్రిడ్ పెట్టించుకోవడం తక్కువలో అయ్యే పని.

సంతకం పెట్టే ముందు

దరఖాస్తు కన్జ్యూమర్ నంబర్ మీదే నడుస్తుంది. మీటర్ ఇంకా తాతగారి పేరు మీదే ఉంటే ముందు పేరు మార్పించుకోవాలి. అన్నదమ్ముల ఉమ్మడి డాబా అయితే అందరి ఒప్పుకోలు కాగితం మీద ఉండాలి. మీద ఇంకో అంతస్తు కట్టే ఆలోచన ఉంటే అది తేలాకే ప్యానెళ్లు ఎక్కించాలి. ఏజెంట్ "కరెంట్ పోయినా నడుస్తుంది" అంటే, ఏ బ్యాటరీతో, ఎన్ని గంటలు అని కొటేషన్‌లోనే రాయించుకోవాలి.