ఎనిమిది కదలికలతో నూరు రోగాలు పోతాయా?

"చేతులెత్తి, మెల్లగా ఊపిరి పీల్చి వదిలితే రక్తపోటు తగ్గుతుందటగా డాక్టరుగారూ! ఇక మాత్రలెందుకు?" అన్నారు ఈమధ్య మా ఆసుపత్రికి వచ్చిన ఒక రిటైర్డు మాస్టారు. అనడమేమిటి, అప్పటికే నెలరోజులుగా మాత్రలు మానేశారు. బి.పి. చూస్తే పై అంకె 190!

ఆయన చేస్తున్నవి 'చీగోంగ్' అనే చైనా వ్యాయామాలు. 'చీ' అంటే ఊపిరి, ప్రాణశక్తి. 'గోంగ్' అంటే సాధన. ఇవి నిన్నమొన్నటివి కావు. 1973లో చైనాలోని మవాంగ్‌దుయ్ వద్ద ఒక సమాధిలో, ఇటువంటి వ్యాయామాలు చేస్తున్న స్త్రీపురుషుల బొమ్మలు గీసిన పట్టువస్త్రం దొరికింది. దాని వయస్సు రెండువేల ఏళ్ళ పైమాటే.

వీటిలో తేలికైనది 'బదువాన్‌జిన్'. మొత్తం ఎనిమిది కదలికలు. మొదటిది చూడండి. పాదాలు భుజాలంత ఎడంగా ఉంచి నిలబడండి. రెండు చేతుల వేళ్ళూ పెనవేసి, ఊపిరి పీలుస్తూ అరచేతులను ఆకాశంవైపు ఎత్తండి. ఊపిరి వదులుతూ దించండి. చివరి కదలికలో మడమలెత్తి ఏడుసార్లు దించాలి. దీనితో నూరు రోగాలు పోతాయని చైనాలో ప్రతీతి.

నూరు రోగాల మాట అటుంచండి. 'చీ'ని కొలిచే పరికరం వైద్యశాస్త్రంలో లేదు. కాని పిక్కలకు, తొడలకు బలం రావడం, కీళ్ళు బిగుసుకుపోకుండా ఉండడం మామూలు శరీరధర్మమే. ఈ కోవకే చెందిన 'తాయ్‌చీ' సాధనవల్ల వృద్ధులు తూలి పడిపోవడం తగ్గుతుందని పరిశోధనల్లో తేలింది. జారిపడి తుంటి ఎముక విరిగితే ఎంత అవస్థో, ఇంట్లో పెద్దవాళ్ళున్న మీకు నేను వేరే చెప్పాలా?

రక్తపోటు కూడా కొంత తగ్గవచ్చు. అయితే అది మాత్రలకు తోడు మాత్రమే, బదులు కాదు. మధుమేహానికి వాడే మందులకూ ఇదే మాట వర్తిస్తుంది.

మరి కొన్ని జాగ్రత్తలు. ఊపిరి బిగబట్టకండి. తూలేవారు గోడనో, కుర్చీనో పట్టుకుని చేయండి. మోకాళ్ళ నొప్పులున్నవారు మడమలను దబ్బున దించకండి. కళ్ళు తిరిగితే వెంటనే ఆపండి. గుండెలో నొప్పి వస్తే ఆపి, ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్ళండి.

మాస్టారు మళ్ళీ మాత్రలు మొదలుపెట్టారు. సాధన మానమని నేను చెప్పలేదు. మూడు వారాల తరువాత పై అంకె 140కి దిగింది. "ఇది మాత్ర గొప్పా, సాధన గొప్పా?" అన్నారు నవ్వుతూ.

"రెండూ మానకండి మాస్టారూ, ఆ తగవు మనకెందుకు?" అన్నాను.