శుద్ధరాత్రి పాట, తమిళ అక్షరాల్లో తెలుగు గొల్లలు

డిసెంబరు వచ్చిందంటే మన అంచెట్టి వైపు కూడా క్రిస్మస్ పాటలు వినిపిస్తాయి. మన సంఘంలో ఎక్కువమందిమి ఆ మతంవాళ్లం కాకపోయినా, తెలుగు పాట అంటే వాకిట్లో నిలబడి వింటాం. పోయిన ఏడు పాడే పిల్లల చేతిలో కాగితం చూశాం. పాట తెలుగే, అక్షరాలు తమిళం. అప్పటినుంచీ ఈ సంగతి రాయాలనుకుంటున్నాం.

ఆ పాట "శుద్ధరాత్రి". దాని పుట్టిల్లు ఆస్ట్రియా. 1816లో యోసెఫ్ మోర్ అనే యువ పాదిరి జర్మను భాషలో ఆరు చరణాలు రాశారు. 1818 డిసెంబరు 24న, సాల్జ్‌బర్గ్ దగ్గరి ఓబెర్న్‌డోర్ఫ్‌లో, దాన్ని ఫ్రాంజ్ గ్రూబర్ అనే బడిపంతులికిచ్చి, రెండు గొంతులకూ ఒక గిటారుకూ సరిపడేలా వరస కట్టమన్నారు. ఆ రాత్రే ఇద్దరూ గుడిలో పాడారు. ఆర్గన్‌ను ఎలుకలు కొరికేశాయి గనుక గిటారు పట్టారన్నది తర్వాత పుట్టిన కథ.

పాటను ఊరు దాటించింది పాదిరులు కాదు. ఆర్గన్లు బాగుచేసే ఒకాయన దాన్ని తన లోయకు తీసుకుపోయాడు. అక్కడ చేతితొడుగులు అమ్ముకునే స్ట్రాసర్ కుటుంబం లైప్‌జిగ్ సంతకు పోయి పాడింది. అచ్చు వేసినవాళ్లు 'టిరోల్ పాట' అన్నారే గానీ కట్టినవాళ్ల పేర్లు వేయలేదు. హేడెన్‌దని కొందరు, మొజార్ట్‌దని కొందరు. చివరికి 1854లో బెర్లిన్ నుంచి విచారణ వస్తే, ముసలితనంలో గ్రూబర్ తనదేనని రాసి ఇచ్చుకోవలసి వచ్చింది. మోర్ చేతిరాత ప్రతి 1995లో బయటపడింది, 1816 అన్న సంవత్సరం అందులోనే ఉంది.

తిరిగేకొద్దీ పాట మారింది. ఇప్పుడు పాడే వరస గ్రూబర్ రాసినదానితో పూర్తిగా కలవదు. 1859లో జాన్ ఫ్రీమన్ యంగ్ చేసిన ఇంగ్లీషు అనువాదం ఒకటి, ఆరు, రెండు చరణాలనే తీసుకుంది. జర్మనులో ఆ రాత్రికి నిశ్శబ్దం, పవిత్రం అని రెండు మాటలున్నాయి. ఇంగ్లీషువాళ్లు పేరుకు మొదటిది పట్టుకుంటే, మనవాళ్లు రెండోది పట్టుకున్నారు. 'శు' తర్వాత ద్ధ ఉంది గనుక అది గురువు, సాగే మొదటి స్వరానికి చక్కగా అతికింది.

తెలుగు క్రైస్తవ పాటలన్నీ దొరల వరసలే అనుకోకండి. పురుషోత్తమ చౌధరి (1803–1890) కీర్తనలు మన రాగతాళాల్లోనివే. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పాట నెత్తిన రాగం, తాళం వేసి ఉంటాయి.

ఇక ఆ కాగితం సంగతి. తమిళ లిపిలో క, గలకు ఒకటే అక్షరం. త, దలకూ అంతే, ప, బలకూ అంతే. మాట మొదట్లో గట్టిగా, నడుమ మెత్తగా పలకడం తమిళ పద్ధతి. తమిళానికి అది సరిపోతుంది, తెలుగుకు సరిపోదు. బాలుడు 'పాలుడు' అవుతాడు. దూత 'తూద' అవుతాడు. గొల్లలు 'కొల్లలు' అవుతారు. తమిళంలో కొల్ల అంటే చంపడానికి అని! పశువులు కాచుకునేవాళ్లకు ఈ గతి పట్టింది.

పిల్లల తప్పేమీ లేదు. 2006లో వచ్చిన చట్టం ప్రకారం ఒకటో తరగతి మొదలు పదో తరగతి దాకా తమిళం దశలవారీగా తప్పనిసరి అయింది. ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో ఆ అక్షరాలు చూడరు. తమిళం నేర్చుకోవడం మంచిదే, ఇక్కడ బతుకుతున్నాం. కానీ క్రైస్తవుల పాటకు పట్టిన గతే మన పెళ్లిపాటలకూ, భజనలకూ పడుతోంది.

ఒక దారి ఉంది. సంస్కృత శ్లోకాలు అచ్చువేసేటప్పుడు తమిళులే పాటించే పద్ధతి అది. తమిళ 'క' పైన చిన్న 3 అంకె వేస్తే గ, 'ప' పైన 3 వేస్తే బ, 4 వేస్తే భ. ఈ డిసెంబరుకు కాగితం ఒకవైపు అంకెలు వేసిన తమిళం, రెండోవైపు పెద్ద తెలుగు అక్షరాలు, పక్కపక్కన పోల్చుకునేలా రాసి పిల్లలకు ఇస్తున్నాం. మీ ఇంటి పాటలు అలా రాయించుకోవాలంటే ఆదివారం ఉదయం సంఘానికి తెండి.