అమ్మాయింట్లో అక్టోబర్ హాకీ

హాకీ అనగానే మీకేం గుర్తొస్తుంది? ధ్యాన్‌చంద్, పచ్చగడ్డి, వంకీ కర్ర... నాకూ అంతే. 2023 సెప్టెంబర్ నెలాఖర్లో కెనడాలో ఉన్న మా అమ్మాయి దగ్గరికి వెళ్ళేదాకా, ఐసు మీద ఆడే హాకీ కోసం పెళ్ళాం పిల్లలున్న మగాళ్ళు అన్నాలు కూడా మానుకుని కూచుంటారని నాకు తెలీదు. మీలో ఎంతమంది పిల్లలు ఆ దేశాల్లో లేరు! వెళ్ళేటప్పుడు ఆవకాయ, సున్నుండలు, కందిపొడి గుర్తుపెట్టుకుని సర్దుకుంటాం. ఆ ఇంట్లో శనివారం రాత్రి దేని గురించి దెబ్బలాడుకుంటారో మాత్రం తెలుసుకుని వెళ్ళం. నేనూ అలాగే వెళ్ళాను.

ముందు ఆట సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. 200 అడుగుల పొడవు, 85 అడుగుల వెడల్పు ఉన్న ఐసు గచ్చు. ఒక్కో జట్టుకి గోలీతో కలిపి ఆరుగురు. ఇరవై నిమిషాల చొప్పున మూడు భాగాలు. కాళ్ళకి బూట్లు, ఆ బూట్ల కింద చాకుల్లా పదునుపెట్టిన బ్లేడ్లు. (ఈ బ్లేడ్ల మాట గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తాను.) బంతి ఉండదు. పక్ అని నల్లటి రబ్బరు బిళ్ళ. మూడంగుళాల వెడల్పు, అంగుళం మందం, అచ్చం మన గారె సైజన్నమాట! ఎగిరి గంతులెయ్యకుండా దాన్ని ఆటకి ముందు గడ్డకట్టిస్తారు. ఆ రాయిలాంటి గారె గంటకి నూటయాభై కిలోమీటర్ల వేగంతో ముఖం మీదికి వస్తే ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి.

మా అమ్మాయి వాళ్ళుండేది టొరంటో పక్కన మిస్సిసాగాలో. అల్లుడిది టొరంటో మేపుల్ లీఫ్స్ పార్టీ. ఆయన స్నేహితుడొకాయన చదువు మాంట్రియల్‌లో వెలగబెట్టాడు కాబట్టి ఆయనది మాంట్రియల్ కనేడియన్స్ పార్టీ. ఇద్దరిదీ ఉమ్మడి గుంటూరు జిల్లాయే! ఒకాయనది తెనాలి వైపు, ఇంకొకాయనది నరసరావుపేట వైపు. అయినా ఆ రెండు ఊళ్ళ పగని తాతలనాటి పాలివాళ్ళ తగాదాలా నెత్తికెత్తుకున్నారు. మాంట్రియల్‌ది ఫ్రెంచి మాట, టొరంటోది ఇంగ్లీషు మాట. ఆట మొదలైన దగ్గర్నుంచీ వీళ్ళకీ వాళ్ళకీ పడదు. పెద్ద కప్పు పేరు స్టాన్లీ కప్. 1993 నాటికే మాంట్రియల్ ఆ కప్పుని 24 సార్లు గెలిచింది. టొరంటో 13 సార్లు గెలిచింది గానీ, ఆ పదమూడోది 1967లో! అప్పటికి మా అల్లుడు పుట్టనే లేదు. ఆ మాట ఎత్తితే చాలు, బజ్జీ నోట్లో ఉండగానే ఆయనకి కోపం వచ్చేస్తుంది.

2023 అక్టోబర్ 11, బుధవారం. టొరంటోకి ఆ ఏడాది మొదటి ఆట, అదీ మాంట్రియల్ మీద! మా అమ్మాయి, నేనూ కలిసి మిరపకాయ బజ్జీలు, చల్లపులుసు, పులిహోర చేశాం. హాలు నిండా నీలం చొక్కాలు, మధ్యలో ఒక్కటే ఎర్రచొక్కా. 5-5 దగ్గర ఆగింది. అదనపు సమయంలోనూ తేలకపోతే, ఒక్కొక్కళ్ళూ వెళ్ళి గోలీ ఎదురుగా అదృష్టం పరీక్షించుకుంటారు. అందులో టొరంటో గెలిచింది. ఆస్టన్ మాథ్యూస్ అనే కుర్రాడు ఒక్కడే మూడు గోల్స్ కొట్టాడు. ఒక మనిషి మూడు కొడితే చూసేవాళ్ళంతా నెత్తిన టోపీలు తీసి ఐసు మీదకి విసిరేస్తారు తెలుసా! ఆ టోపీలన్నీ ఊడ్చి ఎత్తేదాకా ఆట ఆగుతుంది. "అయ్యో, మళ్ళీ ఎవరివి వాళ్ళకి ఇస్తారా?" అని నేనడిగితే అందరూ నవ్వారు.

ఇహ ఆ రాత్రి మొదలు చర్చలు! ఈసారి కప్పు మనదేనని నీలం చొక్కాల లెక్క. ఆడాల్సినవి 82 ఆటలు, అయింది ఒకటి! కాపురానికొచ్చిన కోడలు మొదటిరోజు పెట్టిన కాఫీ చూసి, ఈ పిల్ల ఇల్లు నిలబెడుతుందనో కూలుస్తుందనో తేల్చేసే అత్తగార్లు లేరూ, అలా ఉంది వీళ్ళ వరస. పక్కింటి పంజాబీ ఆవిడ మాత్రం నెమ్మదిగా చెప్పింది. ఆవిడకి ఈ ఆట కంఠతా వచ్చు. అక్కడ 2008 నుంచి ఈ హాకీకి పంజాబీలో కూడా కామెంటరీ ఉంది మరి. సెయింట్ లూయీ జట్టు 2019 జనవరి 3 నాటికి మొత్తం లీగ్‌లో అందరికన్నా అడుగున ఉందట. అదే జట్టు ఆ జూన్‌లో కప్పు ఎత్తింది!

ఆవిడ మాటలో ఎంత నిజముందో ఆ ఏడాదే చూశాం. ఎడ్మంటన్ జట్టు మొదటి 12 ఆటల్లో గెలిచినవి రెండంటే రెండే. నవంబర్‌లో కోచ్‌ని పంపించేశారు. తీరా జూన్ వచ్చేసరికి వాళ్ళే ఫైనల్లో ఏడో ఆట దాకా వచ్చి ఫ్లోరిడా చేతిలో ఓడారు. మరి అక్టోబర్‌లో చొక్కాలు చింపుకున్న మన టొరంటో? మాథ్యూస్ ఆ ఏడాది 69 గోల్స్ కొట్టాడు. అయినా 2024 మే నెలలో మొదటి రౌండులోనే బోస్టన్ చేతిలో ఏడో ఆటలో ఓడి ఇంటికొచ్చారు. మా అల్లుడు రెండ్రోజులు సరిగ్గా మాట్లాడలేదని అమ్మాయి ఫోన్లో చెప్పింది.

అయితే నేను చెప్పాలనుకున్నది గెలుపోటముల సంగతి కాదు.

అక్టోబర్ 14, శనివారం. మళ్ళీ అదే హాలు, అవే బజ్జీలు. టొరంటో వాళ్ళు మిన్నెసోటా మీద 7-4తో గెలిచారు. మాథ్యూస్ మళ్ళీ మూడు కొట్టాడు. ఎర్రచొక్కా ఆయన మాత్రం ఫోన్ చూసుకుంటూ మూలన కూచున్నాడు. ఆ రాత్రే వాళ్ళ మాంట్రియల్ జట్టు షికాగోతో ఆడుతోంది. అందులో కెర్బీ డాక్ అనే 22 ఏళ్ళ పిల్లాడు ఎదుటివాడితో గుద్దుకుని పడ్డాడు. ఎవరో నీలం చొక్కా ఆయన "ఇంకేం, మీ పని అయిపోయింది!" అని చప్పట్లు కొట్టాడు. అందరూ నవ్వారు. వంటింట్లోంచి మా అమ్మాయి గరిటె పట్టుకునే బయటికొచ్చింది. "ఆ అబ్బాయికి అమ్మ లేదుటండీ?" అంది. అంతే. హాలు చప్పబడిపోయింది. నాలుగు రోజుల్లోపే తెలిసింది, మోకాల్లో రెండు లిగమెంట్లు తెగాయనీ, ఇక ఆ సీజన్ మొత్తం ఆడలేడనీ.

దెబ్బల సంగతి ఈ జట్లు ఎలా చెప్తాయో వింటే నవ్వొస్తుంది. ఎక్కడ తగిలిందో చెప్పరు! "అప్పర్ బాడీ", "లోయర్ బాడీ" అంటారు. అంటే నడుముకి పైనా, నడుముకి కిందా. పెళ్ళిచూపులప్పుడు అమ్మాయికి ఒంట్లో నలత అని మాత్రం చెప్పి ఊరుకుంటారే, అలాగన్నమాట. అసలు చోటు తెలిస్తే ఎదుటి జట్టు అక్కడే కొడుతుందని భయం. ఆ మాటకొస్తే వీళ్ళు ఆట మధ్యలో గ్లవుజులు పారేసి బాహాటంగా తన్నుకుంటారు కూడా. అందుకు శిక్ష ఏమిటనుకున్నారు? అయిదు నిమిషాలు పక్కనున్న డబ్బాలో కూచోవడం! మనం చిన్నపిల్లల్ని గోడకుర్చీ వేయించినట్టు.

మా అమ్మాయి గరిటె పట్టుకుని ఎందుకొచ్చిందో మీకు చెప్పాలి. మా మనవడికి అప్పటికి పదకొండేళ్ళు. వాడూ ఆడతాడు. ఐసు దొరికేది తెల్లవారుజామునే కాబట్టి, శని ఆదివారాల్లో అయిదింటికే లేపి కారెక్కిస్తుంది. ఆ సామాను సంచీ నా అంత ఎత్తుంటుంది. దాని వాసన గురించి చెప్పను, మీరు భోజనం చేసి చదువుతున్నారేమో! ప్యాడ్లు, చొక్కా, మేజోళ్ళు అన్నీ వచ్చీ రాగానే బేస్‌మెంట్‌లో ఆరెయ్యాలి. ఆ ఆరెయ్యడం నా డ్యూటీ అయింది. అందులో ఒక మెడపట్టీ ఉంది. నెక్‌గార్డు అంటారు. కోత పడకుండా గట్టి గుడ్డతో కుట్టి ఉంటుంది. అక్కడ పిల్లల ఆటలో అది తప్పనిసరి. అది లేకపోతే ఐసు మీదికి రానివ్వరు.

మా వాడికి అదంటే మంట. దురద పెడుతుందిట, ఊపిరాడదట. కోచ్ చూస్తే పైకి, చూడకపోతే కిందికి. తల్లి అరిచీ అరిచీ విసిగిపోయింది. "టీవీలో పెద్దవాళ్ళెవరూ పెట్టుకోరు కదా అమ్మమ్మా, నేనెందుకు?" అని వాడు నన్నడిగాడు. నిజమే, నేనూ చూశాను. లక్షల డాలర్లు తీసుకునే ఆటగాళ్ళ మెడలు ఖాళీగానే ఉన్నాయి. ఏం చెప్పమంటారు?

అక్టోబర్ 28. ఇంగ్లండులో షెఫీల్డ్, నాటింగ్‌హామ్ జట్ల మధ్య ఆట. నాటింగ్‌హామ్ తరఫున ఆడుతున్న ఆడమ్ జాన్సన్‌కి 29 ఏళ్ళు. అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రం వాడు, అంతకుముందు పిట్స్‌బర్గ్ జట్టుకి ఆ పెద్ద లీగ్‌లో 13 ఆటలు ఆడినవాడు. ఎదుటి ఆటగాడి బూటు బ్లేడు మెడకి తగిలింది. ప్రాణం దక్కలేదు. ఆ మెడకి పట్టీ లేదు.

ఆ ఆదివారం ఇంట్లో ఎవరూ స్కోర్లు మాట్లాడుకోలేదు. ఎర్రచొక్కా ఆయన కూడా వచ్చాడు, మా అల్లుడి పక్కనే కూచున్నాడు. వాళ్ళ మాటల్లోనే తెలిసింది, ఇది మొదటిసారి కాదని. 1989 మార్చి 22న బఫెలోలో క్లింట్ మలార్చుక్ అనే గోలీకి మెడ నరం ఇలాగే తెగింది. జట్టు వైద్య సహాయకుడు చేత్తో అదిమిపట్టి బతికించాడు. పట్టుమని పదిహేను రోజులు కాకుండానే మళ్ళీ ఆడాడట, ఏం మనుషులో! ఆ గోలీ తర్వాత చెప్పిన మాట నన్ను వదల్లేదు. అమ్మ టీవీలో ఆట చూస్తోందనీ, తను చనిపోవడం ఆవిడ కంట పడకూడదని ఎలాగోలా ఐసు మీంచి బయటపడాలనుకున్నాననీ చెప్పాడట.

మరి ఇన్నేళ్ళూ పట్టీ ఎందుకు పెట్టుకోలేదంటారా? అలవాటు లేక, పిరికివాడంటారని! గోలీల ముసుగు కథా అంతే. 1959 నవంబర్ 1న న్యూయార్క్‌లో మాంట్రియల్ గోలీ జాక్ ప్లాంట్ ముఖానికి పక్ తగిలి చీరుకుపోయింది. కుట్లు వేయించుకుని వచ్చి, ముసుగు పెట్టుకోనిస్తేనే ఆడతానన్నాడు. ముసుగు పెడితే చూపు ఆనదనీ, మగతనం తగ్గుతుందనీ అనుకునే రోజులవి. కోచ్‌కి ఇష్టం లేదు, కానీ ఇంకో గోలీ లేడు! ఆ ఆట 3-1తో గెలిచారు. ఆ తర్వాత ముసుగు నిలబడిపోయింది. ఇంకో తమాషా చెప్పనా? ఈ ప్లాంట్ పదకొండుమంది సంతానంలో పెద్దవాడు, అల్లిక పని వచ్చినవాడు. తన ఉన్ని టోపీలు తనే అల్లుకునేవాడు. మన అల్లికల పేజీకి తగిన మనిషి!

హెల్మెట్ కూడా చాలా ఆలస్యంగానే వచ్చింది. 1979లో రూలు పెడుతూ, కొత్తగా వచ్చేవాళ్ళకే తప్పనిసరి అన్నారు, పాతవాళ్ళ ఇష్టానికి వదిలేశారు. బోడితలతో ఆడిన చివరి ఆటగాడు 1997లో రిటైరయ్యాడు. ఇప్పుడు మెడపట్టీకీ అదే పద్ధతి. ప్రపంచ సంఘం తన పోటీలన్నిటిలో తప్పనిసరి చేస్తూ 2023 డిసెంబర్‌లోనే నిర్ణయించింది. అమెరికా, కెనడాల పెద్ద లీగ్ మాత్రం 2025లో కుదుర్చుకున్న ఒప్పందంలో, 2026-27 సీజన్ నుంచి కొత్తగా చేరేవాళ్ళకి అని రాసుకుంది. ఇంట్లో రూళ్ళన్నీ కొత్త కోడలికే, పాత కోడళ్ళకి మినహాయింపు! అయినా ఏదో ఒకటి, మొదలైంది కదా.

అన్నట్టు, ఆడపిల్లలు ఆడరా అని పంజాబీ ఆవిడని అడిగాను. ఎందుకాడరు, వాళ్ళమ్మాయే ఆడుతోంది! 1992 సెప్టెంబర్‌లో మానన్ రయోమ్ అనే ఇరవయ్యేళ్ళ పిల్ల మగవాళ్ళ పెద్ద లీగ్ ప్రదర్శన ఆటలో టంపా జట్టుకి గోలీగా నిలబడింది. 2024 జనవరి 1న ఆడవాళ్ళ కొత్త వృత్తి లీగ్ టొరంటోలోనే మొదలైంది. మన దేశంలో లడఖ్ పిల్లలు గడ్డకట్టిన చెరువుల మీద నేర్చుకుని, 2025లో మన జట్టుతో అబుదాబి దగ్గర అల్ ఐన్‌లో జరిగిన ఆసియా కప్పులో కంచు పతకం తెచ్చారు.

మా వాడి సంగతి చెప్పి ముగిస్తాను. ఆ తర్వాతి శనివారం తెల్లవారుజామున నాలుగున్నరకి నేను కాఫీ పెట్టుకుంటున్నాను. మెట్ల మీంచి కళ్ళు నులుముకుంటూ వచ్చాడు. సంచీ అంతా బోర్లించి వెతికి, చివరికి నా దగ్గరికొచ్చాడు.

"అమ్మమ్మా, నా మెడపట్టీ ఆరిందా?"

ఆరలేదు. ఇస్త్రీపెట్టె పెట్టి ఆరబెట్టబోతే, దానికి వేడి తగిలితే పాడవుతుందని మా అమ్మాయి లాక్కుంది. ఫ్యాను కింద పట్టుకుని నిలబడ్డాం ఇద్దరం. మీ మనవలెవరైనా అక్కడ ఈ ఆట ఆడుతుంటే, ఫోన్లో స్కోరుతో పాటు దీని సంగతీ అడగండి. వాసనొస్తే చల్లనీళ్ళలో సబ్బుపొడి వేసి అరగంట నానబెట్టి, పిండకుండా నీడన వెయ్యమనండి. రెండుంటే ఇంకా మంచిది. నేను వచ్చేముందు రెండోది కొనిచ్చి వచ్చాను.