లేని ఊరి కోసం కన్నీళ్లు

1992 జూన్ 1న అమెరికా టీవీల్లో 'స్టార్ ట్రెక్: ది నెక్స్ట్ జనరేషన్' సీరియల్ ఐదో సీజన్‌లోని 25వ ఎపిసోడ్ ప్రసారమైంది. దాని పేరు 'ది ఇన్నర్ లైట్'. అందులో యుద్ధం లేదు, విలన్ లేడు. అంతరిక్ష నౌక కెప్టెన్ పికార్డ్‌కు ఆకాశంలో తేలుతున్న ఒక పాతకాలపు యంత్రం నుంచి ఏదో కిరణం తగులుతుంది. ఆయన అక్కడికక్కడే స్పృహ తప్పి పడిపోతాడు. కళ్లు తెరిచేసరికి కటాన్ అనే గ్రహం మీద, రెసిక్ అనే పల్లెలో ఉంటాడు. అక్కడందరూ ఆయన్ని కేమిన్ అని పిలుస్తారు. ఎలీన్ అనే ఆవిడ, నేను నీ భార్యను, జ్వరంతో మంచాన పడి ఇప్పుడే లేచావు అంటుంది.

మొదట్లో ఆయన నమ్మడు. కొన్నేళ్ల పాటు రాత్రిళ్లు ఆకాశం వైపు చూస్తూ తన నౌక కోసం వెతుక్కుంటాడు. తర్వాత మెల్లగా ఆ ఊరివాడైపోతాడు. పిల్లనగ్రోవి నేర్చుకుంటాడు. కూతురు పుడుతుంది, కొడుకు పుడతాడు. ఆ కొడుకుగా నటించింది పికార్డ్ పాత్రధారి పాట్రిక్ స్టీవర్ట్ సొంత కొడుకు డేనియల్. ఏటికేడు వానలు తగ్గిపోతాయి, చెట్లు మాడిపోతాయి. వాళ్ల సూర్యుడు పేలిపోబోతున్నాడని కేమిన్‌కు అర్థమవుతుంది. ఈలోగా భార్య పోతుంది. కన్నుమూసే ముందు ఆమె చెప్పే మాట ప్రేమ గురించీ కాదు, పరలోకం గురించీ కాదు. బూట్లు తీసి లోపల పెట్టుకోవడం మరిచిపోకు అంటుంది, అంతే. ఎపిసోడ్ మొత్తంలో చాలామంది గొంతు పూడుకుపోయేది సరిగ్గా ఇక్కడే.

చివరికి తెలిసేది ఏమిటంటే, ఆ గ్రహం వెయ్యేళ్ల కిందటే బూడిదైపోయింది. తాము ఇలా బతికామని ఎవరో ఒకరికి తెలియాలన్న ఆశతో ఆ జనం ఆకాశంలోకి పంపిన యంత్రమే పికార్డ్‌కు ఎదురైంది. ఆయన అక్కడ దాదాపు నలభై ఏళ్లు గడిపి తాతయ్యాడు. నౌకలో మాత్రం గడిచింది పాతిక నిమిషాలు. యంత్రం లోపల ఒక చిన్న పెట్టె దొరుకుతుంది, అందులో పిల్లనగ్రోవి ఉంటుంది. ఆయన దాన్ని తీసి గుండెకు హత్తుకుంటాడు. ఆ తర్వాత వాయిస్తాడు.

ఈ ఎపిసోడ్‌కు 1993లో హ్యూగో అవార్డు వచ్చింది. షూటింగ్‌లో వాడిన పిల్లనగ్రోవిని 2006లో క్రిస్టీస్ సంస్థ న్యూయార్క్‌లో వేలం వేస్తే 48 వేల డాలర్లు పలికింది. అది వాయిస్తే మోగేది కూడా కాదు, షూటింగ్ కోసం చేసిన బొమ్మ. అయినా అంత ధర పెట్టి కొనుక్కున్నారంటే ఆ కథ జనం మనసుల్లో ఎంత లోతుగా దిగిందో ఊహించవచ్చు.

లేని గ్రహం మీద, లేని ఊళ్లో, లేని మనిషి చనిపోతే సోఫాలో కూర్చున్న మనిషికి కన్నీళ్లెందుకు? సైన్స్ ఫిక్షన్ అభిమానులు తరచూ ఎదుర్కొనే ప్రశ్న ఇది. ఇంట్లోవాళ్లు వింతగా చూస్తారు, స్నేహితులు ఆటపట్టిస్తారు. నిజానికి వేలూరు చుట్టుపక్కల పుట్టి పెరిగిన తెలుగువాళ్లకు ఇందులో వింత కనిపించనక్కర్లేదు. వాళ్ల ఊళ్లలో ఇలాంటి ఏడుపు తరతరాలుగా ఒక పండగ.

కనియంబాడినే తీసుకోండి. అది వేలూరు నుంచి తిరువణ్ణామలై వెళ్లే దారిలో ఉంటుంది. 1911 వరకు ఈ ప్రాంతమూ నేటి చిత్తూరు ప్రాంతమూ ఒకే ఉత్తరార్కాడు జిల్లాలో ఉండేవి, జిల్లా కేంద్రం చిత్తూరే. తర్వాత గీత గీశారు గానీ గీతకు రెండు వైపులా ద్రౌపదమ్మ గుళ్లు ఒకటే, భారతమూ ఒకటే. తమిళ పల్లెల్లో తెరుక్కూత్తు అంటారు, చిత్తూరు వైపు వీధి నాటకం అంటారు. ఊరు భారతం ఎత్తిందంటే పగలు హరికథ, రాత్రి నాటకం. చాలాచోట్ల పద్దెనిమిది రోజులు సాగుతుంది. ఒకరోజు ద్రౌపదీ వస్త్రాపహరణం, ఒకరోజు అర్జునుడు తపస్సుమాను అనే ఎత్తైన స్తంభం ఎక్కడం, ఒకరోజు అభిమన్యుడు, ఒకరోజు కర్ణుడు. రాత్రి మొదలైన ఆట తెల్లవారే దాకా నడుస్తుంది. చాపలు పరుచుకుని పడుకున్న పిల్లల్ని కర్ణుడి చావు వచ్చేసరికి తట్టి లేపుతారు.

దుర్యోధన వధ జరిగే రోజు చూడాలి. భారతం ఆడే మైదానం, అంటే భారతం మిట్ట మీద మట్టితో దుర్యోధనుడి బొమ్మ చేస్తారు. అది వెల్లకిలా పడుకుని ఉంటుంది, మనిషి దాని మీద ఎక్కి నడవగలిగేంత పెద్దది. ముఖానికి రంగులు, ఎగదువ్విన మీసాలు, పెద్ద పెద్ద కళ్లు. తొడ దగ్గర ఎర్రనీళ్లు దాచిపెడతారు. భీముడి వేషగాడు, దుర్యోధనుడి వేషగాడు ఆ బొమ్మ చుట్టూ ఒకర్నొకరు తరుముకుంటారు. గద దెబ్బకు తొడ పగిలి ఎర్రగా చిమ్ముతుంది. దానితో ద్రౌపది జుట్టు ముడి వేస్తారు. పద్దెనిమిది రోజులుగా ఊరంతా ఎదురుచూసిన క్షణం అదే. ఆ వెంటనే బొమ్మ తల దగ్గర కూర్చుని ఒప్పారి, అంటే చావింట్లో పాడే ఏడుపు పాట, అందుకుంటారు. పాపాత్ముడని నిన్నటిదాకా తిట్టుకున్న మనిషి కోసం ఏడుపు మొదలవుతుంది. అది మట్టి అని అందరికీ తెలుసు. పొద్దున ఆ మట్టి మోసినవాళ్లూ గుంపులోనే ఉంటారు.

ఒప్పారి గురించి తెలిసినవాళ్లకు ఒక సంగతి తెలుసు. చావింట్లో ఏడ్చే ఆడవాళ్లు ఆ పోయిన మనిషి కోసమే ఏడవరు. ఎప్పుడో పోయిన తల్లి, చేతికందకుండా పోయిన బిడ్డ, ఎవరితోనూ చెప్పుకోని కష్టం, అన్నీ ఆ రాగంలో కలుస్తాయి. భారతం మిట్ట మీదా అంతే. ఇంట్లో కారణం లేకుండా ఏడిస్తే ఏమైందని నిలదీస్తారు. ఇక్కడ ఎవరూ ఏమీ అడగరు. కథ వాళ్లకు ఏడవడానికి ఒక చోటు, ఒక వంక ఇస్తుంది. సైన్స్ ఫిక్షన్ ఎపిసోడ్ చూసి ఏడ్చే అభిమానికి దొరికేది కూడా అదే. ఎలీన్ బూట్ల మాట అన్నప్పుడు చూసేవాళ్లకు గుర్తొచ్చేది ఎలీన్ ఒక్కతే కాదు. చివరి రోజుల్లో కూడా అన్నం తిన్నావా, తలుపు గడియ వేశావా అని అడిగిన సొంత మనుషులు గుర్తొస్తారు.

దీనికి అలవాటు కూడా తోడవుతుంది. 1956లో డోనాల్డ్ హార్టన్, రిచర్డ్ వోల్ అనే పరిశోధకులు టీవీ ప్రేక్షకులకూ తెర మీది మనుషులకూ మధ్య ఏర్పడే ఒకవైపు స్నేహం గురించి 'సైకియాట్రీ' పత్రికలో రాశారు. వారం వారం అదే ముఖం, అదే గొంతు, అవే అలవాట్లు చూస్తూ ఉంటే మనకు తెలిసిన మనిషే అనిపిస్తుంది. తెర మీది ఆ మనిషికి మాత్రం మనమెవరమో తెలియదు. పికార్డ్ ఆ ఎపిసోడ్ నాటికి అయిదేళ్లుగా ప్రేక్షకుల ఇళ్లలోకి వస్తున్న మనిషి. పెళ్లీ పిల్లలూ లేకుండా పనే లోకంగా బతికేవాడు. అలాంటివాడి చేతిలో మనవణ్ని పెట్టారు కాబట్టే దెబ్బ గట్టిగా తగిలింది. మొదటిసారి చూసేవాళ్లకూ కథ నచ్చుతుంది, కానీ అన్నాళ్లుగా వెంట ఉన్నవాళ్లకు తగిలినంత లోతుగా తగలదు. పద్దెనిమిదో రోజు మాత్రమే వచ్చిన చుట్టానికీ, మొదటి రాత్రి నుంచి చాప వేసుకుని కూర్చున్న అవ్వకూ ఉన్న తేడా ఇది.

2000లో మెలనీ గ్రీన్, తిమోతీ బ్రాక్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు, కథలో పూర్తిగా లీనమైన మనిషి తానున్న చోటును కాసేపు వదిలి అందులోకి వెళ్లిపోతాడని, తిరిగి వచ్చాక అతని అభిప్రాయాలు కూడా కొంత మారి ఉంటాయని ప్రయోగాలతో చూపించారు. మన ఆలంకారికులకు ఈ చర్చ చాలా పాతది. భట్టనాయకుడు, ఆయన తర్వాత వెయ్యేళ్ల కిందట కాశ్మీరంలో అభినవగుప్తుడు చెప్పినదాని ప్రకారం రంగస్థలం మీది దుఃఖం రాముడిదీ కాదు, నటుడిదీ కాదు, చూసేవాడి ఒక్కడిదీ కాదు. ఏ ఒక్కరి సొంతమూ కాకుండా పోవడం వల్లే అందరూ దాన్ని అనుభవించగలుగుతారు. పద్నాలుగో శతాబ్దంలో కళింగ దేశపు విశ్వనాథుడు 'సాహిత్యదర్పణం'లో సూటిగా వాదించాడు. కరుణరసంలో ఉన్నది దుఃఖమే అయితే దాని కోసం ఎవరూ వెళ్లరు, అలాగైతే రామాయణం కూడా దుఃఖ కారణమే కావాలి అన్నాడు. అందులో సుఖం ఉందనడానికి సహృదయుల అనుభవమే సాక్ష్యమన్నాడు. ఏడిపించిన ఎపిసోడ్‌నే వెతుక్కుని మళ్లీ మళ్లీ చూసే అభిమానులు ఆయన చెప్పిన సాక్షులే.

అయితే సైన్స్ ఫిక్షన్‌కు ఒక ప్రత్యేకమైన బలం ఉంది. అది కాలాన్ని వంచగలదు. మామూలు నాటకంలో మనిషి ముసలివాడు కావడానికి ఎన్నో ఘట్టాలు నడవాలి. ఇక్కడ పాతిక నిమిషాల్లో ఒక నిండు జీవితం గడిచిపోతుంది, తిరిగి వచ్చిన మనిషి దాన్ని ఎవరితోనూ పంచుకోలేడు. మనకు ఇదీ కొత్త కాదు. యోగవాసిష్ఠంలో లవణ మహారాజు కథ ఉంది. మడికి సింగన తెలుగులో రాసిన వాసిష్ఠ రామాయణం వల్ల ఈ గ్రంథం తెలుగువాళ్లకు శతాబ్దాలుగా తెలుసు. కొలువులో ఒక ఐంద్రజాలికుడు నెమలి పింఛం ఆడిస్తాడు. సింహాసనం మీద కూర్చున్న రాజు కాసేపు కదలకుండా ఉండిపోతాడు. ఆ కాసేపట్లో ఆయన అడవిలో దారి తప్పి, ఆకలితో అలమటించి, అన్నం పెట్టిన చండాల కన్యను పెళ్లాడి, పిల్లల్ని కని, ముసలివాడవుతాడు. కరువు వస్తుంది. ఆకలికి తాళలేని బిడ్డ కోసం తానే మంటల్లోకి దూకబోతుండగా మెలకువ వస్తుంది. మర్నాడు వింధ్య వైపు వెళ్లి వెతికితే ఆ పల్లె నిజంగానే కనిపిస్తుంది, ఏడుస్తున్న అత్త కనిపిస్తుంది. కల అనుకున్నదానికి చేత్తో తాకగల రుజువు దొరకడం దగ్గరే లవణుడి కథా, పికార్డ్ కథా ఒకటవుతాయి. రుజువే లేకపోతే అది పీడకల అని దులిపేసుకోవచ్చు. పిల్లనగ్రోవి చేతిలో ఉన్నాక ఆ పని కుదరదు.

అసంభవమైన సంగతిని ముందు పెట్టి అసలైన బాధను దాని వెనక నడిపించడం ఈ నేలకు బాగా తెలుసు. వేలూరు జిల్లా గుడియాత్తంలో ఏటా వైకాశి మొదటి రోజున, అంటే మే నెల నడుమ, గంగమ్మ సిరసు ఉత్సవం జరుగుతుంది. తరణంపేట ముత్యాలమ్మ గుడి నుంచి గోపాలపురం గంగమ్మ గుడికి అమ్మవారి తల ఒక్కటే ఊరేగుతూ వస్తుంది. దారి పొడవునా టెంకాయలు పగులుతూనే ఉంటాయి. కొడుకు చేతిలో తెగిన రేణుక తల వేరే స్త్రీ మొండేనికి అతుక్కుందన్న కథకు ఇది ఏటేటా జరిగే ప్రదర్శన. తలను శరీరానికి అమర్చే క్షణంలో దండం పెట్టేవాళ్లు వైద్యశాస్త్రం గురించి ఆలోచించరు. కొడుకు చేతిలో చచ్చిన తల్లి గురించి ఆలోచిస్తారు.

ఆకాశంలో వెయ్యేళ్ల కిందటి సంగతి ఇప్పుడు తెలియడం మాత్రం కల్పన కాదు. జవ్వాది కొండల్లోని కావలూరు అబ్జర్వేటరీలో అది రోజువారీ పని. ఆ చోటును ఎంచుకున్న ఖగోళ శాస్త్రవేత్త వేణు బాప్పు మద్రాసులో పుట్టినా పెరిగింది హైదరాబాదులో, నిజామియా అబ్జర్వేటరీలో పనిచేసిన తండ్రి దగ్గర. 1977 మార్చి 10న యురేనస్ ఒక నక్షత్రానికి అడ్డం వచ్చినప్పుడు ఆ గ్రహం చుట్టూ వలయాల జాడ పట్టుకున్న కేంద్రాల్లో కావలూరు ఒకటి. అక్కడ 2.34 మీటర్ల టెలిస్కోప్ నిలబెట్టాలని బాప్పు ఎంతో శ్రమించారు. 1982లో ఆయన చనిపోయారు. 1986 జనవరిలో టెలిస్కోప్ ప్రారంభమై, అబ్జర్వేటరీకి ఆయన పేరే పెట్టారు. టెలిస్కోప్‌లో కనిపించే నక్షత్రపు వెలుగు ఎప్పుడో బయల్దేరింది. దాన్ని పంపిన నక్షత్రం ఇప్పుడు ఉందో లేదో ఆ వెలుగు చెప్పదు. కటాన్ కథ ఈ నిజం మీదే నిలబడింది.

ఏడిస్తే ఏమవుతుందన్నది కూడా శాస్త్రవేత్తలు కొలిచి చూశారు. నెదర్లాండ్స్‌లోని టిల్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో అస్మిర్ గ్రాచనిన్, ఆద్ వింగర్‌హూట్స్ బృందం 60 మందికి కంటతడి పెట్టించే సినిమాలు చూపించింది. ఫలితాలు 2015లో వచ్చాయి. ఏడ్చినవాళ్ల మనసు సినిమా అయిన వెంటనే కుంగింది. ఇరవై నిమిషాలకు మామూలు స్థితికి వచ్చింది. గంటన్నర తర్వాత చూస్తే సినిమాకు ముందున్నదానికన్నా మెరుగ్గా ఉంది. ఏడవనివాళ్లలో ఈ మార్పేమీ కనిపించలేదు. తెల్లవారి భారతం మిట్ట నుంచి ఇళ్లకు వెళ్లేవాళ్ల ముఖాలు తేటగా ఉండటానికి కారణం కొంత ఇక్కడ దొరుకుతుంది.

అయితే కథ రేపిన బాధ అందరికీ గంటన్నరలో తేలిపోదు. 2010 జూన్ 5న బీబీసీలో వచ్చిన 'డాక్టర్ హూ' ఎపిసోడ్ 'విన్సెంట్ అండ్ ద డాక్టర్' చిత్రకారుడు విన్సెంట్ వాన్ గో గురించినది. రాసింది రిచర్డ్ కర్టిస్. బతికుండగా ఆదరణ కరువైన ఆ మనిషిని కాలయంత్రంలో నేటి పారిస్ మ్యూజియానికి తీసుకొస్తారు. గోడల నిండా తన బొమ్మలు, వాటి ముందు జనం. అక్కడి అధికారి తన గురించి చెప్పే గొప్ప మాటలు ఆయన స్వయంగా వింటాడు, వెక్కి వెక్కి ఏడుస్తాడు. ఇక ఆయన బతుకుతాడని, ఇంకెన్నో బొమ్మలు గీస్తాడని చూసేవాళ్లు ఆశపడతారు. తిరిగి మ్యూజియానికి వెళితే ఒక్క కొత్త బొమ్మ కూడా ఉండదు. 1890లో 37 ఏళ్లకే ఆయన ప్రాణం తీసుకున్నాడన్న చరిత్ర అలాగే ఉంటుంది. ఎంత ప్రేమ దొరికినా కుంగుబాటు ఒక్క రోజులో పోదన్న నిజాన్ని ఆ కథ తప్పించుకోలేదు. ఆ రాత్రి ఎపిసోడ్ అయ్యాక, ఇందులోని విషయం ఎవరినైనా కలవరపెట్టి ఉంటే ఫోన్ చేయమని బీబీసీ ఒక సహాయ కేంద్రం వివరాలు చెప్పింది. కథ ఎవరి ఏ గాయాన్ని తాకిందో ముందుగా తెలియదు కాబట్టి అది చేయవలసిన పనే. మన దేశంలో 2022 అక్టోబర్‌లో మొదలైన టెలి మానస్ నంబరు 14416. కనియంబాడి నుంచైనా చిత్తూరు నుంచైనా పగలూ రాత్రీ ఎప్పుడు చేసినా తెలుగులోనూ తమిళంలోనూ మాట్లాడవచ్చు.